బొమ్మ ఇటుకల సినిమా

ఆట వేరు, పని వేరు అని పెద్దలు అంటూ ఉంటారు. ఆడుకునే వేళ ఆడుకోవాలి, చదువుకునే వేళ చదువుకోవాలి అని పిల్లలకు బుద్ధులు చెబుతారు. ఆ మాటలో తప్పు లేదు. కాని ఆట ఎక్కడ ముగిసిందో, పని ఎక్కడ మొదలైందో చెప్పలేని వ్యాపకాలు కొన్ని ఉన్నాయి. బొమ్మ ఇటుకలతో సినిమా తీయడం అటువంటి వాటిలో ఒకటి. చూసేవారికి అది పిల్లల ఆటలా కనిపిస్తుంది. అది ఎంత ఓపిక, ఎంత లెక్క, ఎంత ఆలోచన కోరుతుందో చేసేవారికే తెలుస్తుంది. తీరిక వేళల్లో పిల్లలు చేపట్టదగిన మంచి వ్యాపకాలలో దీనికి తప్పక చోటు ఇవ్వాలి.

ముందుగా ఈ ఇటుకల సంగతి తెలుసుకోవాలి. ఇవి రంగురంగుల చిన్న ప్లాస్టిక్ దిమ్మెలు. వీటి పైభాగాన గుండ్రని బుడిపెలు, అడుగున గొట్టాల వంటి అమరిక ఉంటాయి. ఒకదానిపై ఒకటి పెట్టి నొక్కితే గట్టిగా పట్టుకుంటాయి, లాగితే విడిపోతాయి. వీటిలో పేరుపొందినవి లెగో ఇటుకలు. డెన్మార్క్ దేశంలోని బిల్లుండ్ అనే చిన్న ఊరిలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ‘బాగా ఆడు’ అనే అర్థం వచ్చే రెండు డేనిష్ మాటలను కుదించి, 1934లో తన సంస్థకు ‘లెగో’ అని పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఇటుక రూపం 1958 నాటిది. చేతులు, కాళ్లు కదిలే చిన్న మనిషి బొమ్మలు 1978లో వచ్చాయి. ఎనిమిది బుడిపెలు గల ఒకే రంగు ఇటుకలు ఆరు ఉంటే, వాటిని 91,51,03,765 విధాలుగా జోడించవచ్చని గణితవేత్తలు లెక్కకట్టారు. అంటే గుప్పెడు ఇటుకలలోనే ఇల్లూ, వంతెనా, రైలూ, కోటా అన్నీ దాగి ఉన్నాయన్నమాట.

ఇక సినిమా సంగతి. తెర మీద కనిపించే కదలిక నిజమైన కదలిక కాదు. కదలని ఛాయాచిత్రాలను ఒకదాని వెంట ఒకటి వేగంగా చూపితే, వాటి నడుమ ఉన్న ఎడాన్ని మనిషి కన్నూ మనసూ కలిసి పూడ్చుకుంటాయి. సినిమాహాలులో సెకనుకు 24 చిత్రాలు కళ్లముందు గడచిపోతాయి. ఇటుక బొమ్మలతో సినిమా తీసేవారు సాధారణంగా సెకనుకు 12 లేదా 15 చిత్రాలతో సరిపెట్టుకుంటారు. బొమ్మను ఒకచోట నిలిపి ఫొటో తీయాలి. దానిని కొద్దిగా జరిపి మళ్లీ ఫొటో తీయాలి. ఇంకొంచెం జరపాలి, ఇంకొక ఫొటో తీయాలి. ఈ పద్ధతిని ‘స్టాప్ మోషన్’ అంటారు. సెకనుకు 12 చొప్పున ఒక నిమిషానికి 720 ఫొటోలు కావాలి. 15 చొప్పున అయితే 900. ఐదు నిమిషాల కథ చెప్పాలంటే 4,500 ఫొటోలు. ఫొటో తీసిన ప్రతిసారీ బొమ్మ చెయ్యో, కాలో, తలో కదిలి ఉండాలి.

ఈ లెక్కలోనే ఈ వ్యాపకం విలువ ఉంది. టెలివిజను ముందు, సెల్‌ఫోను ముందు గంటల తరబడి కూర్చునే పిల్లవాడికి ఆ గంటలు ఎవరి కష్టంతో తయారయ్యాయో తెలియదు. తెర మీది కాలం అతనికి ఊరికే వచ్చి పడుతుంది. ఊరికే వచ్చిన దానికి విలువ ఉండదు. అదే పిల్లవాడు తన చేతులతో పది సెకన్ల సినిమా తీశాడనుకోండి. ఆ పది సెకన్లకు 120 సార్లు వంగాడు, 120 సార్లు బొమ్మను ముట్టుకున్నాడు, 120 సార్లు ఊపిరి బిగబట్టాడు. ఇకపై ఏ సినిమా చూసినా ఇది ఎలా తీశారు, ఇంతసేపు ఎందుకు చూపారు, ఇది లేకపోతే కథకు లోటేమిటి అని అడగడం మొదలుపెడతాడు. చూసేవాడు చేసేవాడుగా మారితే అతని చూపే మారుతుంది.

ఈ విద్య భారతదేశానికి కొత్తది కాదు. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ చిత్రాన్ని ప్రేక్షకులకు చూపిన దాదాసాహెబ్ ఫాల్కే, అంతకుముందు ఒక బఠాణీ మొక్కను సినిమా తీశారు. కుండీలో గింజ నాటి, రోజూ కొంచెం కొంచెంగా కెమెరాలో పట్టారు. రోజుల తరబడి సాగిన మొక్క ఎదుగుదల తెర మీద కొద్దిసేపట్లో కనిపించింది. ఆ చిన్న చిత్రాన్ని చూపించే ఆయన తన పెద్ద చిత్రానికి పెట్టుబడి సంపాదించారు. 1915లో అగ్గిపుల్లలను కదిలించి ‘అగ్‌కాడ్యాంచీ మౌజ్’ అనే చిత్రం కూడా తీశారు. మహారాష్ట్రలో త్ర్యంబకేశ్వర్‌లో పుట్టిన ఆ మహనీయుడి చేతిలో అగ్గిపుల్లలే నటులయ్యాయి. సరుకు చిన్నదైనా సూత్రం పెద్దది.

ఇటుక బొమ్మలతో తీసిన సినిమాలలో, తెలిసినంతలో మొదటిది 1973 నాటిది. డెన్మార్క్‌కు చెందిన లార్స్ హాసింగ్, హెన్రిక్ హాసింగ్ అనే ఇద్దరు ‘చంద్రుడి మీదికి ప్రయాణం’ అనే అర్థం వచ్చే పేరుతో సుమారు ఆరు నిమిషాల చిత్రం తీశారు. మనిషి చంద్రుడి మీద కాలు మోపి అప్పటికి నాలుగేళ్లయింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో లిండ్సే ఫ్లే 1985 నుంచి 1989 వరకు శ్రమించి ‘ది మ్యాజిక్ పోర్టల్’ అనే చిత్రాన్ని పూర్తిచేశారు. ఆ రోజుల్లో వాడినది ఫిల్ము. తీసింది బాగా వచ్చిందో లేదో ఫిల్ము కడిగించే వరకు తెలిసేది కాదు. తప్పు జరిగితే పడిన శ్రమా పోయేది, పెట్టిన డబ్బూ పోయేది. ఇప్పుడు మామూలు సెల్‌ఫోను చాలు. తీసిన ఫొటో వెంటనే కనిపిస్తుంది. ముందటి ఫొటోను పలుచని నీడలా చూపిస్తూ, బొమ్మ ఎంత జరిగిందో పోల్చి చెప్పే సదుపాయం కూడా వచ్చింది. సాధనం సులువైంది. బొమ్మను జరిపే చేతికి కావలసిన ఓపిక మాత్రం ఆనాటిదే.

ఈ పనిలో పిల్లలకు తెలియకుండానే చదువు సాగుతుంది. ఇటుక మీద ఒక బుడిపె నడిబొడ్డు నుంచి పక్క బుడిపె నడిబొడ్డుకు దూరం 8 మిల్లీమీటర్లు. మనిషి బొమ్మ రెండు ఫొటోలకు ఒక బుడిపె చొప్పున నడిస్తే, సెకనుకు 12 ఫొటోల లెక్కన 48 మిల్లీమీటర్లు సాగుతుంది. 24 సెంటీమీటర్ల వీధిని దాటడానికి దానికి 5 సెకన్లు, 60 ఫొటోలు పడుతుంది. వేగం, కాలం, దూరం అనే పాఠం ఇక్కడ పలక మీది లెక్కగా మిగలదు. లెక్క తప్పితే బొమ్మ నడక కుంటినడక అవుతుంది.

మేడ మీద నుంచి ఒక ఇటుక కింద పడే దృశ్యం తీయాలనుకోండి. కొత్తవాడు దానిని ప్రతి ఫొటోకూ సమానమైన దూరం దించుతాడు. తెర మీద చూస్తే అది పడినట్లు ఉండదు, ఎవరో తాడు కట్టి దించినట్లు ఉంటుంది. పడే వస్తువు క్షణక్షణానికీ వేగం పుంజుకుంటుంది. సమానమైన కాలవ్యవధులలో అది పడే దూరాలు 1, 3, 5, 7 వరుసలో పెరుగుతాయని గెలీలియో ఏనాడో తేల్చిచెప్పాడు. ఆ వరుసలో దించి చూస్తే ఇటుక నిజంగానే దభీమని పడుతుంది. భౌతికశాస్త్రంలోని సూత్రం నిజమో కాదో పరీక్షించడానికి అంతకంటె చౌకైన ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

బొమ్మకు ఉన్న లోపాలు కూడా గురువులే. ఈ మనిషి బొమ్మ ఎత్తు సుమారు నాలుగు సెంటీమీటర్లు. దానికి మోచేయి లేదు, మోకాలు లేదు. ముఖం మీద నవ్వు వేసి ఉంటే, ఏడ్చే దృశ్యంలోనూ నవ్వుతూనే ఉంటుంది. తల పక్కలకు తిరుగుతుంది. భుజం దగ్గర, మణికట్టు దగ్గర చెయ్యి, తొడ దగ్గర కాలు కదులుతాయి. అంతే. ఇంత తక్కువ కదలికతో దుఃఖాన్ని ఎలా చూపాలి? కోపాన్ని ఎలా చూపాలి? ఆ ప్రశ్న ఎదురైన పిల్లవాడు మనుషులను గమనించడం నేర్చుకుంటాడు. బాధలో ఉన్న మనిషి వెంటనే జవాబు చెప్పడని, పిలిస్తే మెల్లగా తల తిప్పుతాడని, కోపంతో ఉన్నవాడు ఒక్క ఉదుటున తిరుగుతాడని కనిపెడతాడు. తల తిరగడానికి మూడు ఫొటోలు వాడాలా, పన్నెండు వాడాలా అన్నదే అక్కడ నటన. బస్‌స్టాండులో, సంతలో, ఇంటి అరుగు మీద మనుషులు ఎలా నిలబడతారో, ఎలా కూర్చుంటారో గమనించే అలవాటు ఈ విధంగా వస్తుంది. గమనించడం వచ్చిన వాడికి కథ చెప్పడం సగం వచ్చినట్లే.

క్రమశిక్షణ అనే మాటను పెద్దలు తరచుగా వాడుతుంటారు. దానిని ఈ వ్యాపకం చెప్పకుండానే నేర్పుతుంది. కెమెరా వెంట్రుకవాసి కదిలినా తెర మీద ఊరంతా భూకంపం వచ్చినట్లు ఊగుతుంది. అందుకే కెమెరాను, బొమ్మల వేదికను బల్లకు గట్టిగా అంటించి ఉంచాలి. కిటికీ తెరిచి ఎండ వెలుగులో తీస్తే, మబ్బు కమ్మినప్పుడల్లా వెలుగు మారి తెర మిణుకుమిణుకుమంటుంది. అందుకే కిటికీలు మూసి దీపపు వెలుగులో తీస్తారు. తీసేవారి తెల్లచొక్కా మీద పడిన వెలుగు కూడా బొమ్మల మీదికి మళ్లుతుంది కాబట్టి ముదురురంగు దుస్తులు వేసుకోవడం మేలు. ఫోను తనంతట తానే వెలుగును సవరించుకోకుండా దాని అమరికలను బిగించి ఉంచాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, మూడువందలవ ఫొటో దగ్గర చెల్లెలి మోచేయి తగిలి బల్ల కదలవచ్చు. అప్పుడు కోపం తెచ్చుకుని లాభం లేదు. కదిలిన దానిని సరిచూసుకుని మూడువందల ఒకటవ ఫొటో తీయడమే చేయవలసిన పని.

ఈ వ్యాపకం మీద ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది ఖర్చు. పేరున్న సంస్థల ఇటుకలు ఖరీదైనవి. చాలా కుటుంబాలకు అవి అందుబాటులో ఉండవు. పైగా ఒక విదేశీ సంస్థ సరుకుకు పిల్లలు జీతం లేని ప్రచారకులుగా మారుతున్నారని కొందరు అంటారు. ఈ మాటలో నిజం ఉంది. బొమ్మల సంస్థలు కూడా ఈ వ్యాపకాన్ని సరుకుగా మార్చుకున్నాయి. 2000 సంవత్సరంలో లెగో సంస్థ చిన్న కెమెరాతో సహా సినిమా తీసే పెట్టెను, ప్రసిద్ధ దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ పేరుతో విడుదల చేసింది. కాని పెట్టె కొన్నంత మాత్రాన సినిమా రాదు; పెట్టె లేనంత మాత్రాన సినిమా ఆగదు. ఇటుకలకు ఉన్న నిజమైన సుగుణం ఒక్కటే. బుడిపె పట్టు వల్ల బొమ్మ నిలిపినచోట నిలుస్తుంది. ఆ గుణాన్ని తడిమట్టితోనూ, మైనంతోనూ సాధించవచ్చు. అగ్గిపెట్టెలు, చింతగింజలు, గుండీలు, సీసా మూతలు బల్ల మీద పరచి, పైనుంచి ఫొటోలు తీస్తే పడిపోయే భయమే ఉండదు. ఫాల్కేగారి అగ్గిపుల్లలను గుర్తు చేసుకుంటే ఖర్చు అనే ఆక్షేపణ బలం తగ్గుతుంది. బడిలో ఒక పెట్టెడు ఇటుకలు, ఒక ఫోను ఉంటే తరగతి మొత్తం పంచుకోవచ్చు. ఒకరు కథ రాస్తారు, ఒకరు ఊరు కడతారు, ఒకరు బొమ్మను జరుపుతారు, ఒకరు ఫొటో తీస్తారు.

రెండవ ఆక్షేపణ చదువు పాడవుతుందని. ఏ వ్యాపకమైనా మితిమీరితే చదువుకు అడ్డమే. అయితే ఇది తొందరపెట్టే వ్యాపకం కాదు. ఇంగ్లండుకు చెందిన నిక్ పార్క్ విద్యార్థిగా ఉన్నప్పుడు, 1982లో, ‘ఎ గ్రాండ్ డే అవుట్’ అనే ముద్దబొమ్మల చిత్రం మొదలుపెట్టారు. అది పూర్తయింది 1989లో. నిడివి 23 నిమిషాలే. సెలవురోజున ఒక పూట చాలు, పది సెకన్ల చిత్రం తయారవుతుంది. పరీక్షలప్పుడు పక్కన పెట్టి, అవి ముగిశాక మళ్లీ తీసుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. ఉత్సాహంతో మొదలుపెట్టిన వారిలో చాలామంది నడుమ వదిలివేస్తారు. ఏకంగా యుద్ధాలు, రాజ్యాలు తీయాలనుకుంటే అంతే అవుతుంది. అరనిమిషంలో ముగిసే కథను ఎంచుకుని దానిని చివరి ఫొటో దాకా తీసినవాడు, పెద్ద కథను సగంలో వదిలినవాడికంటె ఎక్కువ నేర్చుకుంటాడు.

మూడవ ఆక్షేపణ ఈ కాలానిది. కంప్యూటరు ఇవన్నీ చిటికెలో చేస్తుంటే చేతులతో ఎందుకు అని. 2014లో వచ్చిన ‘ది లెగో మూవీ’ కంప్యూటరుతో తయారైన చిత్రమే. అయినా దానిని తీసినవారు చేతితో జరిపిన బొమ్మల తీరునే అనుకరించారు. బొమ్మల కాళ్లు, చేతులు వంగనీయలేదు. ప్లాస్టిక్ మీద గీతలు, వేలిముద్రలు కూడా కనిపించేటట్లు చేశారు. 2023లో కెనడాలోని టొరంటో నగరానికి చెందిన 14 ఏళ్ల బాలుడు, రాబోయే ‘స్పైడర్‌మాన్’ చిత్రం ప్రచారదృశ్యాలను ఇటుక బొమ్మల రూపంలో కంప్యూటరు మీద మళ్లీ తయారుచేశాడు. అది చూసి ఆ చిత్ర నిర్మాతలు తమ చిత్రంలోని ఒక ఇటుక బొమ్మల దృశ్యాన్ని అతనికే అప్పగించారు. వీటివల్ల తేలేది ఏమంటే, సాధనం ఏదైనా కావచ్చు. బొమ్మ ఎలా కదిలితే ప్రాణం ఉన్నట్లు తోస్తుందో తెలిసిన కన్ను కావాలి. ఆ కన్ను చేతిపని వల్ల తెరుచుకుంటుంది.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం మాట. ఇటుక బొమ్మకు గొంతు లేదు. అది ఏ భాషలో మాట్లాడాలో నిర్ణయించేది దానిని ఆడించే పిల్లవాడే. తోలుబొమ్మకు ఆడించేవాడే గొంతు ఇచ్చినట్లు ఇక్కడ కూడా పిల్లవాడే గొంతు ఇవ్వాలి. ఆంధ్రదేశపు తోలుబొమ్మలాటకు కర్ణాటకలో తొగలు గొంబెయాట, తమిళనాడులో తోల్పావైకూత్తు, ఒడిశాలో రావణఛాయ, మహారాష్ట్రలోని పింగుళి గ్రామపు తోలుబొమ్మలు తోబుట్టువుల వంటివి. ఆ బొమ్మలన్నీ ఆయా ఊళ్ల మాటనే మాట్లాడాయి. అయితే నేడు ఇటుక బొమ్మల సినిమాలు తీసే పిల్లలు ఎక్కువగా విదేశీ చిత్రాలలోని పోరాటాలనే మళ్లీ తీస్తుంటారు. నేర్చుకునే దశలో అనుకరణ తప్పు కాదు. అక్కడే ఆగిపోతేనే నష్టం.

బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలోని తెలుగుకు పక్కభాషల పలుకుబడి అంది ఒక ప్రత్యేకమైన రుచి వచ్చింది. ఆ తెలుగు సినిమా తెర మీద వినిపించడం అరుదు. అక్కడి పిల్లలు తెర మీద వినేది ఎక్కడో తయారైన తెలుగు. అది విని, తమ ఇంటిమాట తక్కువదేమో, తెర మీదికి తగదేమో అని వారు అనుకునే ప్రమాదం ఉంది. నాయనమ్మ చెప్పిన నక్క కథను ఆమె మాటల్లోనే, ఆమె గొంతుతోనే ఇటుక బొమ్మల చేత ఆడిస్తే ఆ అపోహ దానంతట అదే తొలగిపోతుంది. కూరల దుకాణంలో అమ్మేవాడు ఒక భాషలో, కొనేవాడు ఇంకొక భాషలో బేరమాడే దృశ్యం ఆ ఊళ్లలో రోజూ కనిపించేదే. దానిని తీయడానికి రెండు బొమ్మలు, నాలుగు ఇటుకలు చాలు. అటువంటి చిత్రాన్ని ఆ వీధి పిల్లలు తప్ప మరెవరు తీయగలరు?

కాబట్టి పిల్లవాడు బల్ల మీద బొమ్మలు పేర్చుకుని, కిటికీ మూసి, దీపం వెలిగించి కూర్చుంటే కాలం వృథా చేస్తున్నాడని తల్లిదండ్రులు తొందరపడి అనుకోకూడదు. అతడు కాలాన్ని పన్నెండేసి ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకూ పని కల్పిస్తున్నాడు. ఆ పని పూర్తయ్యే దాకా బల్లను కదపకుండా ఉండటం, పూర్తయ్యాక ఆ పది సెకన్లూ శ్రద్ధగా చూడటం ఇంట్లోవారు అతనికి చేయగల సాయం.